షాపులో గంధం, గోడ మీద గులాబీ: బెడ్‌రూమ్‌కి లేత రంగు ఎంచుకోవడం ఎలా?

[దృశ్యం: పగటి వెలుతురులో లేత బూడిద రంగు గోడ. ట్యూబ్‌లైట్ వేయగానే అదే గోడ ఊదాగా కనిపిస్తుంది.]

నమస్కారం. ఈ గోడ మా ఇంట్లోదే. షేడ్ కార్డులో చక్కటి లేత బూడిద రంగు చూసి ముచ్చటపడి వేయించాను. పగలు బాగానే ఉంటుంది. రాత్రి ట్యూబ్‌లైట్ వేస్తే మాత్రం గోడకి ఊదా రంగు చీర ఆరేసినట్టుంటుంది. కార్డులో ఉన్న రంగే వేశారు, అందులో అనుమానం లేదు. దాన్ని ఈ గదిలోకి తెచ్చి చూడకపోవడం నా పొరపాటు.

[దృశ్యం: సున్నం బకెట్‌లో నీలిమందు కలుపుతున్న చెయ్యి]

లేత రంగుల్లో చిక్కంతా లోపల దాగున్న ఛాయతోనే. ఈ కిటుకు మన పెద్దవాళ్లకి తెలుసు. సున్నం వేసే ముందు బకెట్‌లో కాస్త నీలిమందు కలిపేవాళ్లు. సున్నంలో పసుపుతనం కనపడకుండా ఆ నీలం కప్పేసేది, గోడ మల్లెపువ్వులా మెరిసేది. ఇప్పుడు షాపులో మెషీన్ చేసేదీ అలాంటిదే. తెల్లటి బేస్‌లో పసుపో, ఎరుపో, నలుపో కొన్ని చుక్కలు వేసి ఐవరీ, బీజ్, గ్రే తయారుచేస్తుంది. ముదురు రంగులో చుక్క ఎక్కువైనా తెలీదు. లేత రంగులో ఇట్టే బయటపడిపోతుంది.

మీకు నచ్చిన షేడ్ పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి చూడండి. అప్పటిదాకా తెల్లగా ఉన్నది కాస్తా గులాబీగానో, పసుపుగానో, నీలంగానో తేలుతుంది. గంధం రంగు అనుకుని గులాబీ కొనేది ఇక్కడే.

[దృశ్యం: ఇంటి ప్లాన్ మీద నైరుతి మూల]

ఇక వెలుతురు. మన ఇళ్లలో వాస్తు చూసి పెద్ద బెడ్‌రూమ్‌ని ఎక్కువగా నైరుతిలో పెడతారు. అంటే కిటికీలు దక్షిణానికో, పడమరకో ఉంటాయి. సాయంత్రమయ్యేకొద్దీ ఎండ పసుపు తిరిగి నేరుగా గోడ మీద పడుతుంది. అక్కడ మీగడ రంగు వేస్తే నాలుగింటికల్లా పసుపు రాసిన గడపలా ఉంటుంది. ఆ గదికి కాస్త బూడిద కలిసిన ఆఫ్‌వైట్ నయం. ఉత్తరం కిటికీ గది దీనికి తిరగేసి ఉంటుంది. నేరుగా ఎండ పెద్దగా రాదు, వెలుతురులో నీలం పాలు ఎక్కువ. అక్కడ గ్రే చలిచలిగా ఉంటుంది, మీగడ, గంధం ఛాయలే హాయి. అపార్ట్‌మెంట్లో ఉంటే ఇంకోటి కూడా చూసుకోవాలి. ఎదురు బిల్డింగ్ గోడ ఆకుపచ్చదైతే, ఎండ దాని మీద పడి ఆ పచ్చదనం మీ గోడ మీదికీ వస్తుంది.

రాత్రి సంగతి బల్బు పెట్టె మీదే రాసి ఉంటుంది. 6500 కెల్విన్ అంటే తెల్ల ట్యూబ్‌లైట్ వెలుగు, నీలం వైపు మొగ్గుతుంది. 3000 అంటే దీపం లాంటి పసుపు వెలుగు. బెడ్‌రూమ్‌లో గోడని మనం ఎక్కువగా చూసేది రాత్రే కాబట్టి ముందు బల్బు తేల్చుకోండి, తర్వాతే రంగు.

[దృశ్యం: ఫ్లోర్ టైల్ మీద తెల్ల కాగితం, పక్కన షేడ్ కార్డు]

కర్టెన్లు రేపు మార్చొచ్చు. టైల్స్, అల్మరా అలా కాదు, అందుకే జత కుదర్చడం నేల నుంచే మొదలుపెట్టాలి. ఇందాకటి కాగితాన్ని టైల్ మీద పెట్టండి. ఐవరీ టైల్ పసుపు తిరిగితే గోడ కూడా ఆ కుటుంబంలోదే తీసుకోండి. టేకు అల్మరా పక్కన నీలం తిరిగిన గ్రే వేస్తే, ఆ చెక్క ఇంకా నారింజగా కొడుతుంది. సీలింగ్‌కి పెయింటర్ అలవాటుగా మెరిసే తెలుపు వేసేస్తాడు. దాని పక్కన మీ మీగడ గోడ మాసిపోయినట్టు కనపడుతుంది. గోడ రంగులోనే పావు వంతు గాఢతతో సీలింగ్‌కి కలిపివ్వమని షాపులో అడగండి. అంతా అలా నెమ్మదిగా ఉన్నాక, మంచం మీద ఒక్క పోచంపల్లి ఇకత్ దుప్పటి వేస్తే చాలు, గదికి కళ వచ్చేస్తుంది.

[దృశ్యం: రెండు కోట్లు వేసిన చార్ట్ పేపర్‌ని గోడల మీద మారుస్తూ]

చిన్న శాంపిల్ డబ్బా తెచ్చి, పెద్ద చార్ట్ పేపర్ మీద రెండు కోట్లు వేయండి. చుట్టూ రెండంగుళాలు తెల్లగా వదలండి, లేకపోతే పాత గోడ రంగు కంటిని మోసం చేస్తుంది. బాగా ఆరాక ఒకరోజు కిటికీ పక్క గోడకి, ఇంకోరోజు ఎదురు గోడకి అంటించి పొద్దున, సాయంత్రం, లైటు వేశాక చూడండి. నాలుగు గోడలూ ఒకదాని రంగు ఒకదాని మీద వేసుకుంటాయి కాబట్టి గదంతా వేశాక రంగు ఇంకాస్త గాఢంగా కనపడుతుంది. అందుకే నేనైతే నచ్చిన దానికంటే ఒక మెట్టు లేతది తీసుకుంటాను.

[దృశ్యం: మంచం తలవైపు గోడ మీద నూనె మరక]

ఇదిగో, అసలు శత్రువు. తలనూనె. పూర్తి మ్యాట్, అంటే మెరుపు లేని ఫినిష్ వేస్తే పుట్టీ ఎగుడుదిగుళ్లు కనపడవు కానీ ఈ మరక తుడిస్తే పోదు, చుట్టూ నిగారింపు మచ్చ కూడా పడుతుంది. బాగా మెరిసే ఫినిష్ అయితే తుడవచ్చు గానీ పక్కనుంచి లైటు పడితే గోడలోని ప్రతి గుంటా కనపడుతుంది. కడగడానికి వీలున్న మ్యాట్ అని అడిగి తీసుకోండి. ఎత్తైన తలపట్టె ఉన్న మంచమైతే ఈ గొడవే లేదు.

ఒక లెక్క. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదిలో నాలుగు గోడలూ కలిపి 440 చదరపు అడుగులు. తలుపులు, కిటికీలు తీసేసి, డబ్బా మీద రాసిన కవరేజీతో, అంటే లీటరుకి ఎన్ని చదరపు అడుగులు వస్తుందో ఆ అంకెతో భాగించి, కావలసినదంతా ఒకేసారి కలిపించుకోండి. మధ్యలో అర లీటరు తగ్గి మళ్లీ తెస్తే, లేత రంగుల్లో ఆ అతుకు తెలిసిపోతుంది. మిగిలిన రంగుని గాలి చొరబడని చిన్న సీసాలో పోసి, షేడ్ కోడ్, ఫినిష్ పేరు దాని మీద రాసి దాచండి. మేకు దిగ్గొట్టిన చోట, మంచం జరిపినప్పుడు గీసుకున్న చోట అదే పనికొస్తుంది.