అవిసె నారతో గ్రీకు కవచం: లినోథొరాక్స్ చేద్దాం రండి

నమస్కారం అండీ. గ్రీకు కవచం అనగానే అందరికీ కంచే గుర్తొస్తుంది. నిజమే, ఆర్గోస్‌లో 1953లో బయటపడ్డ కంచు కవచం క్రీ.పూ. 8వ శతాబ్దం నాటిది. కానీ ఈరోజు మనం చేసే లినోథొరాక్స్, అంటే ఛాతీకి వేసుకునే కవచం, బట్టతో. అవును, బట్టే. లినెన్. మనం కారప్పొడి కొట్టుకునే అవిసె గింజలున్నాయి కదా, ఆ మొక్క కాడల నుంచి తీసిన నార.

అసలుది ఒక్కటీ మిగల్లేదు, బొమ్మలూ పాత రాతలే ఆధారం. ఇదిగో, బెర్లిన్‌లో ఉన్న సోసియాస్ గిన్నె, సోసియాస్ అనే గ్రీకు కుమ్మరి చేసింది, క్రీ.పూ. 500 ప్రాంతంది. దాని మీది బొమ్మలో ట్రాయ్ యుద్ధ వీరుడు అకిలిస్ తన స్నేహితుడు పాట్రోక్లస్ చేతికి కట్టు కడుతున్నాడు. జూమ్ చేస్తాను... ఇక్కడ. పాట్రోక్లస్ భుజం పట్టీ ముడి ఊడి నిటారుగా లేచి నిలబడింది. మెత్తటి బట్టైతే వాలిపోవాలి కదా! మనకు కావాల్సింది ఆ బిరుసే.

పొరల్ని అతికించారా, కుట్టారా, అసలు తోలేనా అని పండితుల మధ్య వాదన నడుస్తూనే ఉంది. అమెరికాలో చరిత్ర ప్రొఫెసర్ గ్రెగరీ ఆల్డ్రెట్ బృందం జిగురుతో చేసి, బాణాలు వేసి మరీ చూసింది. సుమారు 1 సెంటీమీటరు మందం ఉంటే బాగా కాస్తుంది. నేనూ జిగురు పద్ధతే చూపిస్తాను.

అట్ట మీద నమూనా... నడుముకు చుట్టేది ఒకటి, వెనక నుంచి భుజాల మీదుగా ముందుకొచ్చేది ఒకటి. బట్ట మీద పెట్టి గీసేయండి. అంతే.

ఇప్పుడు ఆగండి. ముందు కత్తిరించాలి, తర్వాతే అతికించాలి. మళ్లీ చెప్తున్నా, ముందు కత్తిరించాలి, ఒక్కో పొరనీ విడిగా. అన్నీ అతికించేసి తర్వాత కోద్దాంలే అనుకుంటే, ఆరాక కత్తెర దిగదు. ఆల్డ్రెట్ వాళ్లు కూడా అతికించిన పలకని కోయడానికి కరెంటు రంపం పట్టాల్సొచ్చింది.

జిగురు జంతువుల చర్మం నుంచి తీసిందే, ఫెవికాల్ కాదు. వేడినీళ్ల గిన్నెలో ఇలా చిన్న గిన్నె పెట్టి కరిగించండి. మరగనివ్వకండి, పట్టు పోతుంది. ఫ్యాన్ కట్టేయండి, చల్లబడితే గడ్డకట్టేస్తుంది. రాయండి, పొర వేయండి, బుడగలు తోసేయండి. మళ్లీ రాయండి, పొర... స్పీడ్ పెంచుతున్నాను. బ్రష్ కన్నా నాకు పాత ఏటీఎం కార్డు ఇష్టం, జిగురు సమానంగా పరుచుకుంటుంది.

నడుము భాగాన్ని కాస్త తడి ఉండగానే మనిషి ఆకారపు దర్జీ బొమ్మకు చుట్టేయండి. భుజాలది మాత్రం చదునుగా ఆరాలి. ఎడమ పక్కన తాళ్లు కట్టాను, భుజం పట్టీలు వంచి ఛాతీ మీద ముడేశాను. ఇప్పుడు ఈ ముడి విప్పుతున్నా... లేచింది చూశారా!

ఈ జిగురుకి నీళ్లు పడవండి, మెత్తబడిపోతుంది. అందుకే పైన తేనెమైనం రుద్దుతున్నాను. అంచులకి ఇంకొంచెం ఎక్కువ పట్టించండి, తడి లోపలికి దిగేది అక్కణ్నుంచే.