12 వోల్టుల వాల్వు: అసలా, అలంకారమా?

మోడరేటర్: నమస్కారం. మాడ్యులర్ సింథ్‌కి, అంటే మాడ్యూళ్ళు జోడించుకునే ఎలక్ట్రానిక్ వాద్యానికి, ఇంట్లోనే వాల్వు ఓవర్‌డ్రైవ్ (పాత రేడియోల్లోని గాజు వాల్వుతో శబ్దాన్ని గరగరలాడించే సర్క్యూటు) కట్టుకునేవాళ్ళు రెండు వర్గాలైపోయారు. ర్యాక్‌లో దొరికే 12 వోల్టులు చాలంటారు కొందరు, అది వాల్వే కాదంటారు ఇంకొందరు. ముగ్గురికీ సమాన సమయం. మేడమ్, మీరు మొదలుపెట్టండి.

మాడ్యూల్ తయారీదారు: యూరోర్యాక్‌లో, అంటే ఈ మాడ్యూళ్ళు బిగించే ర్యాక్‌లో, ప్లస్ 12, మైనస్ 12 వోల్టులు ఉంటాయి. 12ఏఎక్స్7 అనే వాల్వులో వేడెక్కే తీగకి, అదే హీటర్‌కి, 12.6 వోల్టులు కావాలి, 12తో కూడా బాగానే వెలుగుతుంది. సిగ్నల్ బయటికొచ్చే ప్లేటుకీ అదే ఇస్తే...

యాంప్ మెకానిక్: ఏమొస్తుందమ్మా? 250 వోల్టుల మీద పని చేసే వాల్వుకి 12 ఇవ్వడమంటే భోజనానికి పిలిచి ఖాళీ విస్తరి వేసినట్టు! పైగా ఆ హీటరొక్కటే 150 మిల్లీఆంపులు తాగేస్తుంది.

మోడరేటర్: వేడెక్కాక గానీ పాడని మా ఇంటి మర్ఫీ రేడియో గుర్తొస్తోంది సార్. ఈ మోజంతా దాని కోసమేనా?

మెకానిక్: రేడియో కాదండీ, నేను చెప్పేది...

తయారీదారు: నన్ను పూర్తి చెయ్యనివ్వండి. తక్కువ వోల్టేజీలో తొందరగా క్లిప్ అవుతుంది, అంటే సిగ్నల్ కొసలు అణిగిపోతాయి. ఓవర్‌డ్రైవ్‌కి కావలసిందే అది కదా! కారు రేడియోల కోసం చేసిన ఈసీసీ86 వాల్వు కూడా బ్యాటరీ వోల్టేజీ మీదే నడిచేది.

మోడరేటర్: చూశారా, మళ్ళీ రేడియోకే వచ్చాం!

మెకానిక్: అది దానికోసమే చేసిన వాల్వు. మీ కిట్‌లో ఉండేది 12ఏఎక్స్7. గెయిన్, అదే సిగ్నల్‌ని పెంచే శక్తి, పడిపోతుంది, వెనక టీఎల్072 అనే ఐసీ పెట్టి పెంచుతారు. ఇక క్లిప్ అయ్యేదెవరు? ఆ ఐసీ! వాల్వు కింద ఆరెంజ్ ఎల్ఈడీ ఒకటి, ఎర్రగా మెరవాలిగా!

కీబోర్డు ప్లేయర్: వినడానికి బాగుంటే...

మెకానిక్: ఆరెంజ్ ఎల్ఈడీ అండీ!

తయారీదారు: స్కోపు పెట్టి సిగ్నల్ ఆకారం చూడండి. యూరోర్యాక్ సిగ్నల్ పీక్ టు పీక్, అంటే కింది కొస నుంచి పై కొస దాకా, సుమారు 10 వోల్టులు, దాన్ని తగ్గించాకే సిగ్నల్ లోపలికెళ్ళే గ్రిడ్‌కి ఇస్తాం. వాల్వులో పైభాగం ఒకలా, కిందిభాగం ఒకలా గుండ్రబడుతుంది. ఐసీ అయితే రెండు వైపులా ఒకేలా నరికేస్తుంది.

మెకానిక్: అలా తేడాగా గుండ్రబడితేనే రెండో హార్మోనిక్, అంటే అసలు స్వరానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీ, వస్తుంది, నేను చెప్పబోయేదీ అదే! 200 వోల్టులిస్తే ఇంకా బాగుంటుంది.

తయారీదారు: 200 వోల్టులు కుర్రాళ్ళ చేతికా? స్విచ్ ఆపేశాక కూడా కెపాసిటర్‌లో చార్జి మిగిలే ఉంటుంది.

మెకానిక్: ఆ చార్జిని ఖాళీ చేసే బ్లీడర్ రెసిస్టర్ పెట్టు, మీటరుతో చూసుకో, ఒక చెయ్యి జేబులో పెట్టుకో. మా గురువుగారైతే...

(గురువుగారి దగ్గర పని నేర్చుకున్న కథ చాలాసేపు సాగింది.)

ప్లేయర్: ఒక్క మాట. ఈ ఓవర్‌డ్రైవ్‌ని ఫిల్టర్‌కి, అదే శబ్దంలో కొంత భాగాన్ని తగ్గించే మాడ్యూల్‌కి, ముందు పెట్టాలా, తర్వాతా? నాకు కావలసింది అదే.

మోడరేటర్: దానికీ వస్తాం. సార్, పాత రేడియోల వాల్వులు కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయా?

మెకానిక్: దొరికినా పరీక్షించకుండా కొనకండి. 12 వోల్టుల మీద పరీక్షించి కూడా మోసపోకండి!

తయారీదారు: అదెలా అంటారు? నేను స్కోపు గురించి చెప్పింది...

మోడరేటర్: సమయం అయిపోయింది. మొత్తానికి సార్ అన్నట్టు 200 వోల్టులదే పైచేయి అనిపిస్తోంది.

తయారీదారు: ఎవరు ఒప్పుకున్నారండీ?

ప్లేయర్: ఫిల్టర్‌కి ముందా...

మెకానిక్: ఆరెంజ్ ఎల్ఈడీ!