తీసేసిన చాప్టర్లు ఎక్కడికి పోతాయి: రొమాన్స్ అనిమేలో వేగం

అందరికీ నమస్కారం.

రొమాన్స్ అనిమే, అంటే జపాన్ యానిమేషన్ ప్రేమకథల గురించి మాట వస్తే ఎప్పుడూ వినిపించే ఫిర్యాదులు రెండు. "మరీ సాగదీశారు" అన్నది ఒకటి, "మరీ పరిగెత్తించారు" అన్నది ఇంకోటి. ఒకే సిరీస్ గురించి ఒకే సాయంత్రం రెండూ వినొచ్చు. ఇవి ఎక్కువగా మాంగా, అంటే జపాన్ బొమ్మల కథల ఆధారంగా తీసేవి కాబట్టి, ఎపిసోడ్‌కి ఎన్ని చాప్టర్లు సర్దారని మనవాళ్లు లెక్కలు వేస్తుంటారు. ఏ చాప్టర్‌ని తీసేశారు, అది కథలో ఎక్కడ ఉండేది అని చూస్తే అసలు సంగతి బయటపడుతుందని నా అభిప్రాయం.

ముందు గడియారం సంగతి చూద్దాం. టీవీ ఎపిసోడ్ దాదాపు 24 నిమిషాలు. మొదటి పాటకు 90 సెకన్లు, చివరి పాటకు ఇంకో 90 సెకన్లు పోతే కథకు మిగిలేది 21. జపాన్‌లో టీవీ స్లాట్లు మూడు నెలల లెక్కన నడుస్తాయి కాబట్టి సీజన్ అంటే సాధారణంగా 12 లేదా 13 ఎపిసోడ్లు. అంతా కలిపితే నాలుగున్నర గంటలు. పైగా డబ్బు పెట్టే కమిటీలో చాలాసార్లు ఆ మాంగా వేసే ప్రచురణ సంస్థ కూడా ఉంటుంది. అనిమే చూసినవాళ్లు వెళ్లి పుస్తకాలు కొనాలన్నది వాళ్ల ఆశ. ఇన్ని ప్రేమకథలు సగంలో ఆగిపోవడానికి అదొక పెద్ద కారణం. చివరిదాకా చెప్పి తీరతామని బయల్దేరేవి తక్కువ. అలా బయల్దేరితే ఏమవుతుందో 'హోరిమియా'లో చూడొచ్చు.

హీరో అనే కలం పేరుతో వచ్చిన వెబ్ కామిక్‌ని దైసుకె హగివారా కొత్తగా గీస్తే తయారైన మాంగా ఇది. 2011లో మొదలై 2021 మార్చిలో ముగిసింది. ప్రధాన కథ 16 సంపుటాలు. క్లోవర్‌వర్క్స్ స్టూడియో దాన్ని 2021 జనవరి నుంచి 13 ఎపిసోడ్లలో, గ్రాడ్యుయేషన్ దాకా చెప్పేసింది. పదహారు సంపుటాలు, నాలుగున్నర గంటలు!

కథ తెలియనివాళ్లకు రెండు మాటలు. హోరి స్కూల్లో అందరికీ ఇష్టమైన అమ్మాయి. ఇంటికొస్తే అలంకారమంతా తీసేసి తమ్ముణ్ణి చూసుకుంటుంది. మియామురా క్లాసులో ఎవరూ పట్టించుకోని కుర్రాడు. ఆ యూనిఫామ్ కింద టాటూలు, జుట్టు చాటున చెవులకు వరసగా పోగులు. ఒకరోజు ముక్కులోంచి రక్తం కారుతున్న తమ్ముణ్ణి అతను ఇంటికి తీసుకురావడంతో ఒకరి రెండో ముఖం ఇంకొకరికి తెలుస్తుంది. మూడో ఎపిసోడ్‌లో హోరికి జ్వరం. నిద్రపోతోందనుకుని మియామురా మనసులో మాట అనేస్తాడు. ఆమె వింటుంది. నాలుగో ఎపిసోడ్‌కల్లా ఇద్దరూ జంట.

ఇక్కడిదాకా వేగం చాలా బాగుంది. వేరే ప్రేమకథలు ఆఖరి పేజీకి దాచుకునేదాన్ని ఇది మొదట్లోనే ఇచ్చేసింది. అయితే ఇంకా తొమ్మిది ఎపిసోడ్లున్నాయి. మాంగాలో ఆ తర్వాత నడిచేదంతా రోజువారీ జీవితం: లంచ్ టైమ్ కబుర్లు, హోరి ఇంట్లో సాయంత్రాలు, చిన్న చిన్న అలకలు, పక్కవాళ్ల ప్రేమలు. కత్తిరించాలని కూర్చున్నవాడికి ఇందులో "కథ నడవని" చాప్టర్లు బోలెడు కనిపిస్తాయి. అవే పోయాయి. ఇషికావా, యుకి, సాకురా అనే ముగ్గురి చిక్కుముడి ఉంది. అదొక్కటే ఒక సిరీస్‌కి సరిపోయే సరుకు. అనిమే దాన్ని హడావుడిగా తేల్చేసింది. సాకురాకి అన్యాయం జరిగిందని నేను ఇప్పటికీ అంటాను.

దీని దెబ్బ చివరి ఎపిసోడ్‌లో తెలుస్తుంది. హోరిని అసలు కలవకపోయి ఉంటే తన బతుకు ఎలా ఉండేదో మియామురా ఊహించుకుంటాడు. ఆ ఊహలో అతనికి స్నేహితులెవరూ లేరు. సీన్ అద్భుతంగా తీశారు. కానీ ఆ స్నేహితులు లేకపోవడం మనల్ని పట్టి కుదపాలంటే, వాళ్లతో పనీపాటా లేకుండా గడిపిన మధ్యాహ్నాలు మన లెక్కలో కూడా ఉండాలి. ఆ మధ్యాహ్నాలనే కదా తీసేసింది.

తమాషా ఏమిటంటే, రెండేళ్ల తర్వాత, 2023 జులైలో, అదే స్టూడియో వదిలేసిన చాప్టర్లతో 'ది మిస్సింగ్ పీసెస్' పేరుతో ఇంకో 13 ఎపిసోడ్లు తీసింది. స్కూల్ ట్రిప్, ఆటల పోటీలు అన్నీ వచ్చాయి. విడివిడిగా చూస్తే ఒక్కోటి ఎంతో ముచ్చటగా ఉంటుంది. కానీ వీళ్ల గ్రాడ్యుయేషన్ మనం ఎప్పుడో చూసేశాం. కథ మధ్యలో వచ్చి ఉంటే, ఈ గుంపు ఇలాగే కలిసి ఉంటుందా అన్న చిన్న టెన్షన్ ఆ ట్రిప్‌లో ఉండేది. ఇప్పుడది లేదు. సంఘటనలు తిరిగొచ్చాయి, వాటి చోటు తిరిగి రాలేదు.

'ఫ్రూట్స్ బాస్కెట్'కీ ఇదే జరిగింది. 2001లో మాంగా ఇంకా నడుస్తుండగానే 26 ఎపిసోడ్లు తీసి ఆపేశారు. మాంగా 2006లో 23 సంపుటాలతో ముగిసింది. 2019లో, మూల రచయిత్రి నత్సుకి తకాయా కోరిక మీద, కొత్త గొంతులు, కొత్త బృందంతో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి 2021 నాటికి 63 ఎపిసోడ్లలో పూర్తిచేశారు. ఇంత ఓపిగ్గా చేసినవాళ్లు కూడా ఆఖరి సీజన్‌ని 13 ఎపిసోడ్లకు కుదించి, కథానాయిక తోహ్రు అమ్మానాన్నల కథని పక్కన పెట్టారు. అది 2022 ఫిబ్రవరిలో సినిమాగా వచ్చింది. మాంగాలో ఆ తల్లి గతం ముందే వస్తుంది. ఆమె చావు గురించి తోహ్రు ప్రేమించే క్యో నోరు విప్పే సమయానికి ఆమె మనకు బాగా తెలిసిన మనిషి. అనిమేలో ఆ వరస తారుమారైంది.

అన్ని కథలూ ఇంత సున్నితంగా ఉండవు లెండి. 'కగుయా-సామా'లో చాప్టర్లు చాలావరకు వేటికవే పూర్తయ్యే జోకులు. దర్శకుడు మమొరు హతకెయామా వాటిని ఎపిసోడ్‌కి మూడేసి చొప్పున సర్దాడు, వరస కూడా మార్చాడు. ఏమీ కాలేదు. అదే 2022లో మూడో సీజన్ ముగింపు దగ్గరికొచ్చేసరికి గంటసేపు తీసుకున్నాడు.

ఇక సాగదీత. 'కిమి ని తొడొకే' మొదటి సీజన్ 25 ఎపిసోడ్లు, 2009 అక్టోబర్ నుంచి 2010 మార్చి దాకా. ప్రొడక్షన్ ఐ.జి. తీసింది. దెయ్యం సినిమాలోని సదాకోతో పోల్చి అందరూ దూరం పెట్టే సవాకోకి, క్లాస్‌మేట్ కజెహాయా పలకరించడమే మహాభాగ్యం. తనకు స్నేహితులున్నారని నమ్మడానికే ఆ అమ్మాయికి ఎపిసోడ్లకు ఎపిసోడ్లు పట్టింది. పట్టాలి కూడా. తనను ఎవరైనా ఇష్టపడొచ్చన్న ఊహే లేని పిల్ల మూడో ఎపిసోడ్‌లో ప్రేమించేస్తే మనం నమ్మం. మొదటి సీజన్ నెమ్మదితనం సవాకో స్వభావంలోంచి వచ్చింది, దాంట్లో ఒక్క నిమిషం తగ్గించినా ఒప్పుకోను.

2011లో వచ్చిన రెండో సీజన్ వేరు. సవాకో వాలెంటైన్ చాక్లెట్ అందరికీ ఇచ్చి కజెహాయాకే ఇవ్వలేకపోతుంది. అక్కడ మొదలైన అపార్థం, మధ్యలో కెంటొ అనే కుర్రాడు పొగ రాజేయడంతో, వారం వారం సాగుతూనే ఉంటుంది. మాంగాలో ఇది ఇంత విసిగించదు. అది నెలకోసారి వచ్చే పత్రికలో అచ్చయింది. మన వారపత్రికల సీరియల్స్‌లో 'సశేషం' దగ్గర ఆగినవాళ్లకు తెలుసు, ఆ ఎదురుచూపులో పాఠకుడే పాత్రల తరఫున వాదించుకుంటాడు, కోపం తెచ్చుకుంటాడు, క్షమించేస్తాడు కూడా. కాగితం మీద ఒక్క పేజీలో చూసి దాటిపోయే తలదించుకోవడం, తెర మీద మౌనంతో, పియానోతో అర నిమిషం అవుతుంది. ఎపిసోడ్‌కి అలాంటివి నాలుగు పడితే ఎవరికైనా చిరాకే.

ఆ తర్వాత 13 ఏళ్లకు, 2024 ఆగస్టులో, మూడో సీజన్ నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఐదే ఎపిసోడ్లు, ఒక్కోటి దాదాపు గంట. టీవీ స్లాట్ గోల లేదు, సీన్‌కి ఎంత కావాలో అంత ఇచ్చారు. నాకు ఈ కొలత నచ్చింది. రెండో సీజన్‌ని కూడా ఇలాగే ఐదు భాగాలుగా తీసి ఉంటే ఆ అపార్థం రెండో భాగంలోనే తీరిపోయేదని నా గట్టి నమ్మకం.

రెండో సీజన్ అభిమానులు ఈ హాల్లో ఉన్నారని ముఖాలు చూస్తేనే తెలుస్తోంది. ముందు మీరే అడగండి, మైక్ అటు పంపిస్తున్నాను.