‘హ్యావ్’: ఇంటిపేరు ఒకటే, గోత్రాలు వేరు

అందరికీ నమస్కారం. ఈరోజు ఒక్క క్రియ గురించే మాట్లాడతాను. ఇంగ్లీషులో ‘హ్యావ్’. బళ్ళో మొదటి ఏడాదే నేర్చుకున్న మాట కదా, దీని గురించి ఏముంటుంది చెప్పడానికి అనిపిస్తుంది, కానీ యూరప్ భాషల చరిత్రలో దీనంత తిరిగిన మాట, ఇన్ని వేషాలు వేసిన మాట నాకైతే ఇంకోటి కనబడలేదు.

లాటిన్‌లో ‘హబేరే’. జర్మన్‌లో ‘హాబెన్’. ఇంగ్లీషులో ‘హ్యావ్’. అర్థం ఒకటే, పలకడం కూడా ఇంచుమించు ఒకటే, ఎవరిని అడిగినా అన్నదమ్ములే అంటారు. కాదండీ. ఇంటిపేరు ఒకటే, గోత్రాలు వేరు. అదెలా తేలిందంటే, 1822లో యాకోబ్ గ్రిమ్ (తమ్ముడితో కలిసి జానపద కథలు పోగుచేసిన ఆ గ్రిమ్మే) ఒక సూత్రం చెప్పాడు. డెన్మార్క్ పండితుడు రాస్ముస్ రాస్క్ 1818లోనే చాలావరకు ఇదే చూపించాడు, పేరు మాత్రం గ్రిమ్‌కి దక్కింది. సూత్రంలో మనకి కావలసిన ముక్క ఇది: లాటిన్ మాట ‘క’తో మొదలైతే ఇంగ్లీషు, జర్మన్ల వైపు అది ‘హ’ అవుతుంది. ‘కోర్ను’ అంటే కొమ్ము, ఇంగ్లీషులో ‘హార్న్’. ‘కెంటుమ్’ అంటే వంద, ‘హండ్రెడ్’. ‘కానిస్’ అంటే కుక్క, ‘హౌండ్’. అలాంటప్పుడు ‘హ్యావ్’కి లాటిన్‌లో ఉండే తోబుట్టువు ‘హ’తో మొదలవకూడదు, ‘క’తో మొదలవ్వాలి. వెతికితే దొరికింది, ‘కాపెరే’, అంటే పట్టుకోవడం.

మరి ‘హబేరే’ సంగతేమిటి? లాటిన్ ‘హ’ అటువైపు ‘గ’ అవుతుంది. ‘హోస్టిస్’కి ‘గెస్ట్’ చుట్టం (లాటిన్‌లో మాత్రం హోస్టిస్ అంటే శత్రువు, ఇంటికొచ్చిన కొత్తవాణ్ణి ఒకళ్ళు అతిథి అన్నారు, ఒకళ్ళు శత్రువు అన్నారు!). అదే లెక్కన ‘హబేరే’కి అసలు చుట్టం ఇంగ్లీషు ‘గివ్’, జర్మన్ ‘గేబెన్’ అని చాలామంది పండితుల మాట. ఉంచుకోవడానికి చుట్టం ఇవ్వడం అన్నమాట.

ఈ రెండు లాటిన్ క్రియలూ మన ఇళ్ళల్లోకి కూడా వచ్చేశాయి, మనం గమనించలేదంతే. ‘హబేరే’ పిల్లలు: హ్యాబిట్, బయటికి పట్టి చూపిస్తే ఎగ్జిబిషన్, ఎదురుగా అడ్డం పట్టి ఆపితే ప్రొహిబిషన్. నాంపల్లి ఎగ్జిబిషన్, 1995 నాటి ప్రొహిబిషన్ రెండూ ఒకే వేరు నుంచి వచ్చాయంటే నాకు భలే ముచ్చటగా ఉంటుంది. ఒకరి నుంచి తీసుకుని మన దగ్గర ఉంచుకుంటే ‘దేబేరే’, బాకీ. అక్కణ్ణుంచే జేబులో ఉన్న డెబిట్ కార్డు. ‘కాపెరే’ పిల్లలు కెపాసిటీ, రిసీట్, పెళ్ళి రిసెప్షన్.

ఇక్కడ ఒక విషయం పట్టుకోవాలి. ‘హ్యావ్’ అర్థమున్న మాటల్లో చాలావాటి మూలం తవ్వితే చేతి పనే తగులుతుంది. స్పానిష్ ‘తెనేర్’ పట్టుకోవడం నుంచి వచ్చింది. పోలిష్ ‘మ్యెచ్’, చెక్ ‘మీత్’ తీసుకోవడం నుంచి వచ్చాయి. గ్రీకు ‘ఎఖో’ మొదట గట్టిగా పట్టడం, అణచడం. సంస్కృతంలో దీని చుట్టం ‘సహ్’ ధాతువు, అంటే మనం రోజూ అనే సహనం, సాహసం. ముందు పిడికిట్లో పట్టుకోవడం, పోనుపోను పిడికిలి లేకుండానే నాది అనడం.

అయితే యూరప్ అంతా ఇలాగే మాట్లాడుతుందనుకుంటే పొరపాటు. రష్యన్‌లో ‘ఉ మెన్యా యెస్త్ క్నీగా’, నా దగ్గర పుస్తకం ఉంది. ఐరిష్‌లో ‘హ్యావ్’ అనే క్రియే లేదు, పుస్తకం నా దగ్గర ఉంది అనే అంటారు. ఫిన్నిష్, హంగేరియన్, లాట్వియన్ కూడా అంతే. లాటిన్‌లో సైతం ‘హబేయో’ (‘హబేరే’కి ‘నేను’ రూపం) పక్కనే ‘మిహి ఎస్ట్’, అంటే ‘నాకు ఉంది’ అనే పద్ధతి నడిచింది. సంస్కృతానికీ ప్రత్యేకంగా ఇలాంటి క్రియ లేదు, ‘మమ అస్తి’ అంటే సరిపోయేది. ఎమిల్ బెన్‌వెనిస్ట్ అనే ఫ్రెంచ్ భాషావేత్త 1960లో ‘ఉండు’, ‘కలిగి ఉండు’ క్రియల మీద ఒక వ్యాసం రాశాడు, ప్రపంచ భాషల్లో ‘నాకు ఉంది’ అనే పద్ధతే ఎక్కువ, ‘హ్యావ్’ లాంటి క్రియే అరుదు అని అందులో గట్టిగా చెప్పాడు. ఫ్రెంచ్ మాట్లాడేవాడు ఆ మాట ఒప్పుకోవడం చిన్న విషయం కాదు, ఎందుకంటే వాళ్ళకి ఆకలి ‘ఉండదు’, వాళ్ళే ఆకలిని పట్టుకుని ఉంటారు, ఇరవై ఏళ్ళ వయసుని కూడా చేతిలో పెట్టుకునే తిరుగుతారు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క. 7వ శతాబ్దంలో ఫ్రాంకుల రాజ్యంలో (ఇప్పటి ఫ్రాన్స్ వైపు) లాటిన్‌లో రాసిన ఒక చరిత్ర ఉంది, ఫ్రెడెగార్ పేరుతో చెలామణి అవుతుంది. అందులో ఒక కట్టుకథ. పట్టుబడ్డ పారశీక రాజు రోమన్ చక్రవర్తి జస్టీనియన్ ముందు నిలబడ్డాడు. గెలుచుకున్న ఊళ్ళు తిరిగి ఇచ్చెయ్యమన్నాడు చక్రవర్తి. ‘నోన్ దాబో’, ఇవ్వను అన్నాడు రాజు. ‘దారాస్’, ఇస్తావు అన్నాడు చక్రవర్తి. అందుకే ఆ చోట కట్టిన ఊరికి దారాస్ అని పేరొచ్చిందట. ఊరు నిజంగానే ఉంది, ఇప్పటి టర్కీ ఆగ్నేయ మూలలో, కానీ జస్టీనియన్ గద్దెనెక్కక ముందే కట్టారు, కాబట్టి కథ ఉత్తిదే. మాట మాత్రం బంగారం. పుస్తకాల లాటిన్‌లో ‘ఇస్తావు’ అంటే ‘దాబిస్’ అనాలి. రాజు పాత పద్ధతిలో మాట్లాడాడు, చక్రవర్తి నోట జనం భాష వచ్చింది: ‘దారే హబేస్’, ఇవ్వడం నీకుంది, అంటే ఇవ్వాల్సి ఉంది, అదే అరిగి అరిగి ‘దారాస్’. ఇప్పుడు మాడ్రిడ్‌లో ఎవర్నైనా ‘ఇస్తావు’ అనమనండి, ‘దారాస్’ అనే అంటారు. ఫ్రెంచ్, ఇటాలియన్ భవిష్యత్ కాలాల తోకలు కూడా ఈ ‘హబేరే’ ముక్కలే. పోర్చుగీసు రాతలో ఇప్పటికీ ఆ అతుకు విడదీసి మధ్యలో సర్వనామం దూరుస్తారు, ‘దార్-తె-ఎయ్’, నీకిస్తాను.

భవిష్యత్తే కాదు, గతం కూడా దీని చేతికే వచ్చింది. ‘రాసిన ఉత్తరం నా దగ్గర ఉంది’ అన్న వాక్యం కాస్తా ‘నేను ఉత్తరం రాశాను’ అయిపోయింది. ఫ్రెంచ్ పిల్లలు బళ్ళో ఇప్పటికీ తిట్టుకునే ఒక నియమం ఉంది: ‘నేను రాసిన ఉత్తరాలు’ అనేటప్పుడు ‘రాసిన’ అనే ముక్క ఉత్తరాల లింగవచనాలకి తగ్గట్టు మారాలి. ఎందుకు? ఒకప్పుడు అది ఉత్తరాలకి విశేషణం కాబట్టి. ఇల్లు మారినా పాత అడ్రసు చెరపలేదు. ఐరిష్ వాళ్ళు ‘హ్యావ్’ లేకుండానే ఇదే పని చేస్తారు, ‘చదివిన పుస్తకం నా దగ్గర ఉంది’ అన్నట్టుగా. మనం ‘ఆయన అప్పటికే వచ్చి ఉన్నారు’ అంటాం, ‘ఉండు’తోనే గడిచిపోతుంది.

చివరికి ఈ క్రియ తిరిగి తిరిగి ‘ఉండు’ దగ్గరికే వచ్చింది. ఫ్రెంచ్ ‘ఇల్ యా’, స్పానిష్ ‘ఐ’, రెండిట్లోనూ ‘హబేరే’ ఉంది, కానీ అర్థం ఉత్త ‘ఉంది’. బ్రెజిల్‌లో ‘తెనేర్’ చుట్టం ‘తేర్’ కూడా అదే బాట పట్టింది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఈమధ్య ఫోన్ల ప్రకటనల్లో, ప్రభుత్వ ఫారాల్లో ‘ఈ మోడల్ రెండు కెమెరాలను కలిగి ఉంది’, ‘మీరు ఆధార్ కార్డును కలిగి ఉన్నారా’ చూసి చూసి విసుగొచ్చేసింది. బుద్ధి గల పిల్లాడు, డబ్బు కలవాళ్ళు మన మాటలే, వాటితో నాకు పేచీ లేదు. కానీ ‘మీకు ఆధార్ కార్డు ఉందా’ అని అడిగితే అర్థం కానివాళ్ళెవరు? ఇంగ్లీషులో ఉన్న ప్రతి ‘హ్యావ్’కీ తెలుగులో ఒక క్రియ వెతికి పెట్టాలనుకోవడం వల్ల వచ్చిన తంటా ఇది. మాస్కోలో అక్కర్లేదు, డబ్లిన్‌లో అక్కర్లేదు, హెల్సింకీలో అక్కర్లేదు, విజయవాడ మీసేవ కౌంటర్లో ఎందుకొచ్చిందో అనువాదకులే చెప్పాలి.

ప్రశ్నలుంటే అడగండి.