పళ్లు కడిగి ఫ్రిజ్‌లో పెట్టాను

శ్రోతలకు నమస్కారం.

పోయిన అక్టోబరులో ఒక రాత్రి మా అక్క కూతురు ఫోన్ చేసింది. అమెరికాలోనే పుట్టింది, అప్పుడు పదో తరగతి. "పిన్నీ, ఒక స్కాలర్‌షిప్‌కి వ్యాసం రాశాను, చూస్తావా?" అంది. గడువెప్పుడంటే, ఇంకో వారమట!

ఆ స్కాలర్‌షిప్ పేరు నేషనల్ సెక్యూరిటీ లాంగ్వేజ్ ఇనిషియేటివ్ ఫర్ యూత్. అమెరికా విదేశాంగ శాఖ డబ్బుతో నడిచేది, 2006లో మొదలైంది. హైస్కూలు పిల్లల్ని వేరే దేశానికి పంపి అరబిక్, చైనీస్, కొరియన్, రష్యన్, పర్షియన్, టర్కిష్, హిందీ లాంటి భాషలు నేర్పిస్తారు. వేసవిలో అయితే ఆరేడు వారాలు, లేదంటే దాదాపు ఒక విద్యా సంవత్సరం. విమానం టికెట్టు, చదువు, బస, భోజనం వాళ్లే చూసుకుంటారు. పాస్‌పోర్టు, చేతిఖర్చులు మనవి. పేరులో ‘సెక్యూరిటీ’ చూసి మా బావగారు, "మిలిటరీలోకి లాగరు కదా?" అని కంగారుపడ్డారు. లాగరు. తిరిగొచ్చాక ప్రభుత్వ ఉద్యోగం చేయాలన్న షరతేమీ లేదు.

మన ఇళ్లలో ముందే చూసుకోవాల్సిన సంగతి ఒకటుంది. దీనికి అమెరికా పౌరసత్వం ఉండాలి. తల్లిదండ్రులు హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉండి, పిల్లలు వాళ్ల మీద ఆధారపడిన హెచ్-4 వీసా మీద ఉంటే కుదరదు. గ్రీన్‌కార్డూ చాలదు. పిల్లల్ని జర్మనీకి పంపే కాంగ్రెస్-బుండెస్టాగ్ అనే వేరే కార్యక్రమం ఒకటి 1983 నుంచి ఉంది, దానికైతే గ్రీన్‌కార్డున్న పిల్లలు కూడా వేయొచ్చు. మళ్లీ మన స్కాలర్‌షిప్ సంగతికొస్తే, వయసు 15 నుంచి 18 ఏళ్ల మధ్య ఉండాలి. జీపీఏ, అంటే మార్కుల సగటు, 4కి 2.5 ఉంటే దరఖాస్తు తీసుకుంటారు. అంతేనా అని మా అక్క కాస్త నిరాశపడింది కూడా. మార్కులతో గట్టెక్కడం అలవాటైన కుటుంబం మరి!

ఇంకోటి, మనం ఎంచుకునేది భాషనే, ఊరిని కాదు. పర్షియన్ అని రాస్తే ఇరాన్ పంపరు, తజికిస్తాన్ పంపుతారు. రష్యన్ అంటే ఎస్టోనియా కావచ్చు, కజకిస్తాన్ కావచ్చు. భాషలూ దేశాలూ ఏటా మారుతుంటాయి. 2020లో కోవిడ్ వల్ల ప్రయాణాలే ఆగిపోయాయి. అందుకని ఏ ఏడాదికా ఏడాది ప్రకటన చదివాకే దరఖాస్తుకు కూర్చోవాలి.

సరే, వ్యాసం సంగతికొస్తాను. మొదటి వాక్యం: "చిన్నప్పటి నుంచి ప్రపంచ సంస్కృతులంటే నాకు అమితమైన ఆసక్తి." నాకు నవ్వొచ్చింది. ఇలాంటి వాక్యం ఎన్ని వందల మంది పంపుతారో! "ఇది నువ్వు కాదు. నీకు భాషతో ఎప్పుడైనా ఇబ్బందైందా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత మెల్లగా చెప్పింది. ఎనిమిదేళ్లప్పుడు మా అమ్మ వీడియో కాల్‌లో "పళ్లు తోముకున్నావా?" అని అడిగిందట. ఇది "ఆఁ, కడిగి ఫ్రిజ్‌లో పెట్టాను" అందట. యాపిల్స్ అనుకుంది పాపం! మా అమ్మ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. ఆ తర్వాత కొన్ని నెలల పాటు ఇది అమ్మమ్మతో తెలుగులో ఒక్క ముక్క మాట్లాడలేదు. మాకెవరికీ ఆ సంగతే తెలియదు. చివరికి తనే ఒక నోటుబుక్ పెట్టుకుని, రెండర్థాలున్న మాటలన్నీ రాసుకుని, ఒక్కో ఆదివారం ఒక్కోటి అమ్మమ్మను అడగడం మొదలుపెట్టిందట.

"అదే రాయి," అన్నాను. "ఇది సిల్లీగా ఉంటుంది పిన్నీ" అంది. నాకైతే దరఖాస్తు మొత్తానికి ప్రాణం అందులోనే ఉందనిపించింది. భాష రాని ఇంట్లో వారాలూ నెలలూ ఉండబోయే పిల్ల రోజుకు పదిసార్లు తప్పు మాట్లాడుతుంది. ఎదుటివాళ్లు నవ్వుతారు. గదిలోకి వెళ్లి తలుపేసుకుంటుందా, మళ్లీ వంటింట్లోకొచ్చి అడుగుతుందా? వ్యాసాలు చదివి ఎంపిక చేసేవాళ్లకు కావాల్సింది అదే.

సెమీఫైనలిస్టు అయింది, ఇంటర్వ్యూ చేశారు. చివరకు ఆల్టర్నేట్ జాబితాలో పెట్టారు. అంటే ఎవరైనా తప్పుకుంటే పిలుస్తారు. పిలుపు రాలేదు. ఎందుకు రాలేదో వాళ్లు చెప్పరు కానీ, దరఖాస్తుతో పాటు టీచరు రాసే సిఫార్సు ఉత్తరం మీద నాకు అనుమానం. గడువుకు నాలుగు రోజుల ముందు అడిగితే ఏ టీచరైనా ఏం రాస్తారు? మంచి విద్యార్థిని, క్లాసులో చురుగ్గా ఉంటుంది... ఇంతే కదా.

ఇప్పుడు దానికి పదహారు, పదకొండో తరగతి. మళ్లీ వేస్తోంది. ఈసారి సెప్టెంబరు మొదటి వారంలోనే స్పానిష్ టీచర్‌ని అడిగింది. ఆ నోటుబుక్ కూడా పట్టుకెళ్లి చూపించిందట.