రూపాయి జరిమానా, గరిక పోచలు

అందరికీ నమస్కారం. సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి వచ్చినప్పుడల్లా వెనక వరసలో కూర్చుని వినడమే నాకు అలవాటు. ఈసారి మైకు ముందుకు పిలిచారు. "విదేశంలో టీచరుగా మీ అనుభవాలు చెప్పండి మేడమ్" అన్నారు. చెప్తాను. కానీ ఆ కథ విదేశంలో మొదలవదు. ఇక్కడే, హైదరాబాద్‌లో, ఒక రూపాయి బిళ్ల దగ్గర మొదలవుతుంది.

2009లో నేను మొదట చేరింది ఒక ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం స్కూల్లో. క్లాసులో ఎవరు తెలుగు మాట్లాడినా రూపాయి జరిమానా. నా టేబుల్ మీద, మూతకు చీలిక పెట్టిన ఒక ప్లాస్టిక్ డబ్బా ఉండేది. ఆరో తరగతిలో ఒక అమ్మాయి, వాళ్ల నాన్న ఆటో నడిపేవాడు. ఒకరోజు భిన్నాల లెక్క అర్థం కాక పక్క పిల్లను "ఇదెట్ల చేసినవే?" అని మెల్లగా అడిగింది. నేను విన్నాను. డబ్బా చూపించాను. ఆ పిల్ల దగ్గర రూపాయి లేదు. "టుమారో మేడమ్" అంది. మర్నాడు తెచ్చి వేసింది. ఆ తర్వాత ఏడాది పొడవునా నా పీరియడ్‌లో నోరు విప్పలేదు. తెలుగులో లేదు, ఇంగ్లిష్‌లోనూ లేదు. క్లాసు బుద్ధిగా ఉందని నేను సంతోషించాను.

2015లో థాయ్‌లాండ్ వెళ్లాను. బ్యాంకాక్ కాదు, అక్కడి నుంచి సుమారు 450 కిలోమీటర్లు ఈశాన్యంగా ఉన్న ఖోన్‌కేన్ అనే ఊరు. నాలుగేళ్లు లెక్కలు చెప్పాను. అక్కడ చాలా స్కూళ్లలో 'ఇంగ్లిష్ ప్రోగ్రామ్' అని వేరే సెక్షన్లుంటాయి. లెక్కలు, సైన్సు, ఇంగ్లిష్ లాంటివి ఇంగ్లిష్‌లో చెప్తారు. థాయ్ భాష, వాళ్ల చరిత్ర, సంస్కృతి థాయ్‌లో చెప్తారు. అందుకని ఒకే స్టాఫ్ రూమ్‌లో ఫిలిప్పీన్స్ వాళ్లు, ఇంగ్లండ్ వాళ్లు, థాయ్ వాళ్లు, మనవాళ్లు పక్కపక్కన కూర్చుంటారు.

వెళ్లాలనుకునే వాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి కాగితాల సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. వీసా వేరు, వర్క్ పర్మిట్ వేరు, టీచరుగా అనుమతి వేరు. ప్రతి 90 రోజులకూ మీరు ఎక్కడ ఉంటున్నారో ఇమిగ్రేషన్ వాళ్లకు తెలియజేయాలి. సెలవుల్లో ఇంటికి వచ్చే ముందు రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోకపోతే అక్కడ ఉండే అనుమతే రద్దవుతుంది. నాతో పనిచేసిన ఒకాయన ఇది మర్చిపోయి మొదటి నుంచీ కాగితాలన్నీ మళ్లీ పెట్టుకున్నాడు. టీచర్ల అనుమతులు చూసే సంస్థ పేరు 'ఖురుసపా'. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు నాకేమీ తట్టలేదు. వారం తర్వాత ఒకావిడ విడదీసి చెప్పింది: ఖురు అంటే గురు, సపా అంటే సభ. గురుసభ! దరఖాస్తు మీద సంతకం పెడుతుంటే ఒళ్లు పులకరించింది.

అక్కడి నుంచి చెవులు తెరుచుకున్నాయి. ప్రైమరీని 'ప్రథోమ్' అంటారు, అది మన ప్రథమ. హైస్కూలు 'మత్థయోమ్', మన మధ్యమ. లెక్కలు 'ఖనిత్తసాత్', గణిత శాస్త్రం. భాష 'పాసా'. అన్నం, కూర అన్నీ కలిపి 'ఆహాన్'. అక్షరాలు నేర్చుకుందామని పుస్తకం తెరిస్తే మన క ఖ గ ఘ ఙ వరసే. రూపం వేరు, వరస అదే. నా పక్క టేబుల్ మీది ఇంగ్లండ్ అబ్బాయి ఆ 44 హల్లులూ ఒక్కొక్కటే బట్టీ పడుతుంటే, నాకు మా ఊరి బడిలో పలక మీద దిద్దించిన పంతులుగారు గుర్తొచ్చారు. మొదటి రోజు బోర్డు మీద తేదీ రాయబోతే సంవత్సరం 2558 అని ఉంది. అక్కడ బుద్ధ శకం వాడతారు, మన లెక్కకు 543 కలపాలి. పొద్దున 8 గంటలకు జెండా ఎగరేసి జాతీయ గీతం పాడాక, పిల్లలంతా చేతులు జోడించి "నమో తస్స" అని పాలీలో ప్రార్థన చేస్తారు. మాది నల్గొండ జిల్లా, పాత బౌద్ధ క్షేత్రం నాగార్జున కొండకు దగ్గర. ఆ మాటలు మా నేల మీద ఎన్ని వందల ఏళ్లు వినిపించి ఉంటాయో అనుకుంటూ రోజూ ఆ వరసలో నిలబడేదాన్ని.

ఇదంతా విని అక్కడ నాకు సులువుగా గడిచిందనుకోకండి. పదాలు చుట్టాలే కానీ మాట మాత్రం పరాయిదే. థాయ్‌లో ఐదు స్వరాలున్నాయి. పలుకు అదే, గొంతు ఎత్తినా దించినా అర్థం మారిపోతుంది. 'క్లాయ్' అని గొంతు జారిస్తే 'దగ్గర', సమంగా పలికితే 'దూరం'. దగ్గరకూ దూరానికీ మధ్య ఉన్నది గొంతులో ఒక్క జారుడు. మా ఇల్లు దగ్గరే అని సోంగ్‌థ్యావ్ డ్రైవరుకు చెప్పబోయి దూరమని చెప్పాను. సోంగ్‌థ్యావ్ అంటే మన సెవెన్ సీటర్ ఆటో లాంటి బండి, వెనకాల రెండు బెంచీలుంటాయి. ఆయన అయోమయంగా చూశాడు. బండిలో ఉన్నవాళ్లంతా నావైపు తిరిగారు. నా ముఖం వేడెక్కింది. ఇంకో మాట పలకడానికి ధైర్యం చాలలేదు. దిగాల్సిన చోటు దాటిపోయినా ఆపమనలేదు, మండుటెండలో వెనక్కి నడిచి వచ్చాను.

స్టాఫ్ మీటింగులు ఇంకా కష్టం. రెండు గంటలు, మూడు గంటలు, అంతా థాయ్‌లోనే. అందరూ నవ్వినప్పుడు నవ్వాలా వద్దా తెలియదు. నా పేరు వినబడుతుంది, తిడుతున్నారో మెచ్చుకుంటున్నారో తెలియదు. టెన్షన్. ఎమ్మెస్సీ చదివిన మనిషిని, ఆరేళ్లు పాఠం చెప్పిన మనిషిని, ఆ కుర్చీలో ఏమీ రానిదానిలా కూర్చునేదాన్ని. అలాంటి ఒక మీటింగులోనే, చేతిలో పెన్ను తిప్పుకుంటూ ఉండగా, ఆ ఆటో నాన్న కూతురు గుర్తొచ్చింది. ఏడాది పాటు ఆ పిల్ల కూర్చున్నది ఇలాగే కదా అనిపించింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అయినా పాత అలవాటు ఊరికే పోదు. క్లాసులో పిల్లలు లెక్క చేస్తూ థాయ్‌లో గుసగుసలాడుతుంటే "ఇంగ్లిష్ ప్లీజ్" అనేదాన్ని. మా క్లాసుకు ఒక థాయ్ కో-టీచర్ ఉండేది, నాకన్నా పెద్దావిడ. ఆమెను 'పీ' అని పిలిచేదాన్ని. మనం అక్కా అన్నట్టే, వయసులో పెద్దవాళ్లను వాళ్లు అలా అంటారు. పీ ఒకరోజు నా చేయి పట్టుకుని ఆ గుసగుసల బెంచీ దగ్గరకు తీసుకెళ్లింది. ఒక పిల్ల రెండో పిల్లకు కాగితం మీద రొట్టె బొమ్మ గీసి, ముక్కలు చేసి, ఏదో గబగబా చెప్తోంది. పీ నాకు ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పింది: "కింది అంకె ఎన్ని ముక్కలో చెప్తుంది, పై అంకె నీకెన్ని ఇచ్చారో చెప్తుంది అంటోంది." నేను పది నిమిషాలు బోర్డు మీద చెప్పినదాన్ని ఆ పిల్ల ఒక్క వాక్యంలో చెప్పేసింది. పీ ఇంకేమీ అనలేదు. నేనూ ఆ తర్వాత "ఇంగ్లిష్ ప్లీజ్" అనలేదు.

ఇంకొకటి చెప్పి తీరాలి, ఎందుకంటే లెక్కల టీచర్లు చాలామంది వచ్చారు. నాలుగో తరగతి పరీక్షలో 35,000ను ఇంగ్లిష్ మాటల్లో రాయమన్నాను. ఒక అబ్బాయి 'త్రీ టెన్ థౌజండ్ ఫైవ్ థౌజండ్' అని రాశాడు. ఎర్ర పెన్ను ఎత్తాను. ఎత్తి, ఆగాను. వాడు సంఖ్యను తప్పు చదవలేదు. థాయ్‌లో పదివేలకు 'మూన్' అని సొంత మాట ఉంది. లక్షకు 'సేన్' అని ఇంకో మాట ఉంది. వాడి తలలో ఆ సంఖ్య 'మూడు మూన్‌లు, ఐదు వేలు'. దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లో పెట్టాడు. ఇంగ్లిష్‌లో మూన్‌కు మాట లేదు. నా చిన్నప్పుడు రెండున్నర లక్షలు అనేది ఇంగ్లిష్ లెక్కలో 'టూ హండ్రెడ్ ఫిఫ్టీ థౌజండ్' అని తెలిసినప్పుడు నేనూ ఇలాగే తికమకపడ్డాను. నేను లక్ష అనే మాటతో పెరిగినదాన్ని. కాబట్టి వాడి తప్పు ఎక్కడ పుట్టిందో నాకు కనిపించింది.

మర్నాడు బోర్డు మీద మూడు నిలువు గడులు గీశాను. థాయ్, ఇంగ్లిష్, తెలుగు. 'సేన్' పక్కన 'హండ్రెడ్ థౌజండ్', దాని పక్కన 'లక్ష'. పిల్లలంతా ఒక్కసారిగా "లక్చా!" అని అరిచారు. ఆ అబ్బాయి లేచి, టీచర్ దేశంలో కూడా 'సేన్' ఉందా అని థాయ్‌లోనే అడిగాడు. ఉంది నాన్నా అన్నాను, తెలుగులోనే. ఇద్దరికీ అర్థమైంది.

జీతం గురించి అడుగుతారని తెలుసు. మా స్కూల్లో ఒకే పనికి రెండు జీతాలుండేవి. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న దేశాల వాళ్లకు ఒకటి, మాకూ ఫిలిప్పీన్స్ వాళ్లకూ అంతకన్నా తక్కువ. డిగ్రీ మాత్రమే ఉన్న అబ్బాయికి బీఈడీ ఉన్న నాకన్నా ఎక్కువ వచ్చేది. ఒక తల్లి నన్ను చూసి, ఫారిన్ టీచర్ ఎప్పుడొస్తారని పీని అడిగింది. ఆవిడ అడిగినది నాకు అర్థమయ్యేంత థాయ్ అప్పటికి వచ్చేసింది. మనలాంటి వాళ్లను అక్కడ 'ఖేక్' అంటారు. ఆ మాటకు అసలు అర్థం అతిథి. అతిథికి ఆ మాట ఒక్కోసారి ఎలా తగులుతుందో తగిలినవాళ్లకు తెలుస్తుంది. ఇది అన్యాయం. వెళ్లేవాళ్లు ముందే జీతం సంగతి అడిగి, కాగితం మీద రాయించుకోండి.

ఖోన్‌కేన్ ఉన్న ప్రాంతాన్ని ఈసాన్ అంటారు. అక్కడ ఇళ్లలో మాట్లాడేది థాయ్ కూడా కాదు, లావోకు దగ్గరి మాట. తిండి రుచిగా ఉంది అనడానికి పుస్తకంలో 'అరోయ్', ఇంట్లో 'సేప్'. కాదు అనడానికి బళ్లో 'మాయ్', ఇంట్లో 'బో'. అంటే మా ద్విభాషా స్కూల్లో పిల్లల నోట్లో ఉన్నవి మూడు భాషలు, పుస్తకాల్లో ఉన్నవి రెండే. చిన్నప్పుడు క్లాసులో 'బో' అన్నందుకు టీచర్ అరచేతి మీద కొట్టిందని పీ చెప్పింది. నేను మా బడి గురించి చెప్పాను. మేం ఇంట్లో మాట్లాడే తెలంగాణ మాటను, పుస్తకంలో లేదని ఎలా వెక్కిరించేవారో చెప్పాను. స్టాఫ్ రూమ్‌లో కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం, ఇద్దరం చాలాసేపు అవే మాట్లాడుకున్నాం.

ఏటా జూన్ ప్రాంతంలో 'వాయ్ ఖ్రూ' అని చేస్తారు, గురువులకు మొక్కే రోజు. గురువారం నాడే పెట్టుకుంటారు. వాళ్లకూ అది బృహస్పతి వారమే. మోకాళ్ల మీద వచ్చి పిల్లలు పూల పళ్లెం ఇస్తారు. మొదటి ఏడాది ఒక పిల్ల నా చేతిలో పెట్టిన పళ్లెంలోకి చూశాను. నూరువరహాల పూలు, వంగపూలు, గరిక. వినాయక చవితికి మా అమ్మ నన్ను పొలం గట్టుకు తరిమి తెప్పించిన గరికే! పీ వివరించింది: నూరువరహాల మొగ్గ మొన తేలి ఉంటుంది, బుద్ధి అలా చురుగ్గా ఉండాలని. వంగపువ్వు తల దించుకుని పూస్తుంది, అది వినయం. గరికను ఎంత తొక్కినా మళ్లీ చిగురిస్తుంది, అది పట్టుదల. అందరిముందూ ఏడ్చేశాను. ఆ పిల్ల కంగారుపడి, జేబులోంచి రుమాలు తీసి ఇచ్చింది.

2019లో తిరిగి వచ్చాను. ఇప్పుడు నగరంలో ఒక ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తున్నాను. మన దగ్గర 2022-23 నుంచి ప్రభుత్వ బళ్లలో ఇంగ్లిష్ మీడియం వచ్చింది, ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు వచ్చాయి. ఆ పుస్తకం చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. కొందరు టీచర్లు తెలుగు పేజీ తిప్పొద్దంటున్నారు. నా మాట వినండి, తిప్పనివ్వండి. అవసరం తీరిన రోజున పిల్లలే తిప్పడం మానేస్తారు.

రెండు భాషల చదువు ఈ ఊరికి కొత్త కాదు. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో చదువంతా ఉర్దూలో సాగేది, ఇంగ్లిష్ తప్పనిసరి సబ్జెక్టు. పుస్తకాల కోసం ప్రత్యేకంగా అనువాద శాఖనే పెట్టారు. మన దేశ భాషలో పెద్ద చదువు చెప్పొచ్చని నిరూపించిన గొప్ప పని అది. కానీ ఇంట్లో తెలుగో మరాఠీనో కన్నడమో మాట్లాడే పిల్లవాడికి అక్కడ ఉర్దూ కూడా ఇంకో పరాయి భాషే. ఇవాళ మన తెలుగు పేజీ దగ్గరా అదే పరిస్థితి ఉంది. నా క్లాసులో ఉర్దూ పిల్లలున్నారు, బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన భవన కార్మికుల పిల్లలున్నారు. వాళ్లకు రెండు పేజీలూ పరాయివే.

పోయిన ఏడాది ఒడిశా నుంచి ఒక పిల్ల చేరింది. నెల రోజులు ఒక్క మాట లేదు. పక్క టీచరు, మూగదేమో అంది. ఒక సోమవారం బోర్డు మీద మళ్లీ నిలువు గడులు గీశాను. ఇంగ్లిష్, తెలుగు, ఉర్దూ, హిందీ. ఐదో గడి ఖాళీగా వదిలి చాక్‌పీసు ఆ పిల్ల వైపు చాపాను. రాలేదు. నేను బోర్డు వదిలి వెనక బెంచీలో కూర్చున్నాను. చాలాసేపటికి లేచి వచ్చింది. గోడ వైపు తిరిగి, ఒక్కొక్క అంకె పక్కన గుండ్రటి అక్షరాలతో రాస్తూ, వినీ వినబడనట్టు చదివింది: ఎకొ, దుయి, తిని, చారి, పాంచొ. క్లాసంతా తిరిగి చదివింది. మూడో అంకె దగ్గర నేను తప్పు పలికాను. ఆ పిల్ల వెనక్కి తిరిగి, "నై మేడమ్, తిని" అని నన్ను దిద్దింది.