కప్పు కొట్టిన 108 రోజులకే తాళం: జియాంగ్సు ఫుట్‌బాల్ క్లబ్ ఎందుకు మూతపడింది?

2020 నవంబర్ 12 రాత్రి. చైనాలోని సుజో నగరం. చైనాలో పై స్థాయి ఫుట్‌బాల్ లీగ్ అయిన చైనీస్ సూపర్ లీగ్ ఫైనల్: జియాంగ్సు సునింగ్, గ్వాంగ్జౌ ఎవర్‌గ్రాండ్. ఫైనల్ అంటే రెండు మ్యాచ్‌లు (లెగ్‌లు), ఇది రెండో లెగ్. మొదటి లెగ్ 0-0తో ముగిసింది. హాఫ్ టైమ్‌కి కాస్త ముందు జియాంగ్సు తరఫున ఎడర్ గోల్ కొట్టాడు. బ్రేక్ అయిన వెంటనే అలెక్స్ టెషేరా ఇంకోటి. అవతలి టీమ్ నుంచి వెయ్ షిహావో ఒకటి తిరిగి కొట్టినా, స్కోరు 2-1 దగ్గరే ఆగిపోయింది. అప్పటికి ఎనిమిది సార్లు ఛాంపియన్ అయిన గ్వాంగ్జౌ ఎవర్‌గ్రాండ్ ఓడింది. జియాంగ్సు సునింగ్‌కి అది మొట్టమొదటి లీగ్ టైటిల్.

2021 ఫిబ్రవరి 28న ఆ క్లబ్ మూతపడింది. లెక్కేసుకుంటే 108 రోజులు.

జీతాల మీద పరిమితి పెట్టారు, క్లబ్ పేర్లలో కంపెనీ పేరు ఉండకూడదన్నారు, దాంతో ఓనర్‌కి ఆసక్తి పోయింది అని చాలామంది చెప్తుంటారు. ఆ రెండు రూల్సూ 2020 డిసెంబర్లో వచ్చిన మాట నిజమే. కానీ క్లబ్‌ని ముంచింది అవి కాదు. డేట్లూ డబ్బు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి తెలిసిపోతుంది.

ముందు పాత చరిత్ర కొంచెం. ఇది 1958లో జియాంగ్సు రాష్ట్ర టీమ్‌గా మొదలైంది. 1994లో చైనాలో ప్రొఫెషనల్ లీగ్ పెట్టినప్పుడు అందులో ఉంది, కానీ ఆ మొదటి ఏడాదే కింది డివిజన్‌కి పడిపోయింది. మళ్లీ పైకి రావడానికి 2008 దాకా పట్టింది. 2012లో లీగ్‌లో రెండో స్థానం. 2015లో షాంఘై షెన్‌హువా మీద ఎక్స్‌ట్రా టైమ్‌లో ఎస్కుదెరో కొట్టిన గోల్‌తో చైనా నాకౌట్ టోర్నీ ఎఫ్‌ఏ కప్. అంటే సునింగ్ కంపెనీ ఓనర్‌గా రాకముందే ఇది నిలదొక్కుకున్న టీమ్. ఈ సంగతి చాలామంది మర్చిపోతారు.

2015 డిసెంబర్లో సునింగ్ ఈ క్లబ్‌ని 52.3 కోట్ల యువాన్లకు కొంది. 1990లో నాన్జింగ్‌లో ఏసీలు అమ్మే షాపుగా మొదలై, దేశమంతా ఎలక్ట్రానిక్స్ షోరూములు పెట్టిన కంపెనీ ఇది. ఓనర్ జాంగ్ జిన్‌డాంగ్. కొన్న రెండు నెలల్లోపే చెల్సీ నుంచి రామిరెస్‌ని, ఉక్రెయిన్ క్లబ్ షాక్తార్ నుంచి 5 కోట్ల యూరోలు పెట్టి టెషేరాని తెచ్చారు. 2016 జూన్‌లో ఇటలీలో ఇంటర్ మిలాన్‌లో 68.55 శాతం వాటా కూడా కొన్నారు.

ఇక్కడ క్లబ్ లెక్కల పుస్తకం ఎలా ఉంటుందో చూడాలి. టికెట్ల డబ్బు, టీవీ వాటా వస్తాయి కానీ, ఈ స్థాయి జీతాలకు అవి ఏ మూలకూ చాలవు. మిగతాదంతా స్పాన్సర్‌షిప్ పేరుతో ఓనర్ కంపెనీ నుంచే రావాలి. జెర్సీ మీదున్న పేరు కూడా ఓనర్‌దే. టీమ్ ఆడే నాన్జింగ్ ఒలింపిక్ స్పోర్ట్స్ సెంటర్ క్లబ్ సొంతం కాదు కాబట్టి, తాకట్టు పెట్టడానికి స్టేడియం లేదు. అమ్ముకోదగ్గ ఆస్తి ఏదైనా ఉందంటే ఆటగాళ్ల కాంట్రాక్టులే. అయితే ఫిఫా రూల్ ప్రకారం, రెండు నెలల జీతం బాకీ పడితే ఆటగాడు 15 రోజుల గడువుతో నోటీసు ఇచ్చి, అప్పటికీ డబ్బు రాకపోతే కాంట్రాక్ట్ రద్దు చేసుకోవచ్చు. ఓనర్ డబ్బు ఆగితే జీతాలు ఆగుతాయి, జీతాలు ఆగితే ఆ కాస్త ఆస్తీ చేజారిపోతుంది. ఒకే గుంజ మీద వేసిన పందిరి ఇది.

ఆ గుంజ ఎప్పుడు కదిలింది? 2017లో సునింగ్ 2,000 కోట్ల యువాన్లు తీసుకెళ్లి ఎవర్‌గ్రాండ్ రియల్ ఎస్టేట్‌లో పెట్టింది. అవును, ఫైనల్లో ఓడిన టీమ్ ఓనర్ కంపెనీలోనే. 2020 సెప్టెంబర్లో ఎవర్‌గ్రాండ్ నగదుకు కటకటలాడుతున్నప్పుడు, ఆ డబ్బు వెనక్కి అడగబోమని ఒప్పుకున్న ఇన్వెస్టర్లలో సునింగ్ కూడా ఉంది. అదే నెలలో ఇంకో దెబ్బ. సునింగ్ వాళ్ల స్పోర్ట్స్ ప్రసార సంస్థ పీపీ స్పోర్ట్స్ ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ ప్రసార హక్కుల్ని మూడేళ్లకి సుమారు 70 కోట్ల డాలర్లకు తీసుకుంది. వాయిదా కట్టకపోవడంతో ప్రీమియర్ లీగ్ ఒప్పందం రద్దు చేసింది. ఇవన్నీ టైటిల్ గెలవడానికి రెండు నెలల ముందు జరిగినవి! డిసెంబర్లో వచ్చిన ఆ జీతాల పరిమితి (శాలరీ క్యాప్) రూల్ అప్పటికింకా రాలేదు.

ఇంకో మాట. క్యాప్ రూల్ ప్రకారం 2021 నుంచి ఒక క్లబ్ ఏడాది ఖర్చు 60 కోట్ల యువాన్లు దాటకూడదు. ఖర్చు తగ్గించే రూల్ అది. పాత బాకీలు మాత్రం ఏ క్యాప్ వల్లా తగ్గవు.

చివరికి గొంతు పట్టుకున్నది ఒక కాగితం. చైనాలో లీగ్‌లో ఆడాలంటే ప్రతి క్లబ్ జీతాల నిర్ధారణ పత్రం ఇవ్వాలి. మాకు రావాల్సింది వచ్చిందని ఆటగాళ్లూ కోచ్‌లూ సంతకాలు చేయాలి. బాకీ తీర్చకుండా ఆ సంతకాలు రావు, అవి లేకుండా రిజిస్ట్రేషన్ లేదు. క్లబ్‌ని ఉచితంగా ఇచ్చేస్తామన్నా తీసుకునేవాళ్లు దొరకలేదు. ఎందుకంటే దాంతోపాటు అప్పులూ నెత్తిన వేసుకోవాలి.

ఫిబ్రవరి 19న జాంగ్ జిన్‌డాంగ్, రిటైల్ వ్యాపారంతో సంబంధం లేనివాటిని మూసేస్తామని తేల్చి చెప్పేశాడు. 28న క్లబ్ ప్రకటన వచ్చింది: అన్ని టీమ్‌ల నిర్వహణ నేటి నుంచి ఆపేస్తున్నాం. సరిగ్గా అదే రోజు సునింగ్ తన రిటైల్ కంపెనీలో 23 శాతం వాటాను 1,480 కోట్ల యువాన్లకు అమ్ముతున్నట్టు చెప్పింది. ఓనర్ కంపెనీయే ఊపిరి కోసం వాటా అమ్ముకుంటుంటే, క్లబ్‌కి డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది?

"అన్ని టీమ్‌లు" అన్న మాట గమనించండి. 2019లో దేశంలోని పెద్ద ట్రోఫీలన్నీ గెలిచిన మహిళల టీమ్ కూడా అందులోనే పోయింది. మలావీ దేశపు స్ట్రైకర్ తబితా చావింగా గోల్స్ మోత మోగించింది అక్కడే. తర్వాత ఆవిడ ఇంటర్ మిలాన్‌కి ఆడి ఇటలీ లీగ్‌లో టాప్ స్కోరర్ అయింది. ఈ టీమ్ గురించి ఎవరూ మాట్లాడకపోవడం అన్యాయం.

కెప్టెన్ వూ షీ షాంఘై షెన్‌హువాకి వెళ్లాడు. ఎడర్, మిరాండా ఇద్దరూ బ్రెజిల్‌లో సావో పాలోకి, టెషేరా టర్కీలో బెషిక్తాష్‌కి. అదే ఏడాది మే నెలలో, సునింగ్ చేతిలోనే ఉన్న ఇంటర్ మిలాన్ ఇటలీ ఛాంపియన్ అయింది. మూడేళ్లకి 39.5 కోట్ల యూరోల అప్పు కట్టలేక సునింగ్ ఇంటర్‌ని కూడా అప్పిచ్చిన ఓక్‌ట్రీ సంస్థకి వదులుకుంది. 2025 జనవరిలో లైసెన్స్ రాక గ్వాంగ్జౌ క్లబ్ కూడా మూతపడింది. అలా 2020 ఫైనల్ ఆడిన రెండు టీమ్‌లూ ఇప్పుడు లేవు.

నాన్జింగ్ స్టేడియం మాత్రం ఉంది. 2025లో జియాంగ్సు రాష్ట్రంలోని 13 నగరాల మధ్య ఎక్కువగా అమెచ్యూర్ ఆటగాళ్లతో ఒక లీగ్ పెట్టారు. జూలై 5న నాన్జింగ్, సుజో మ్యాచ్ చూడ్డానికి అక్కడికి వచ్చింది 60,396 మంది.